మొగ పూడిక తీయించడానికి లైజనింగ్ వాళ్లకు (ఆఫీసుల్లో పని చేయిస్తామనే మధ్యవర్తులకు) డబ్బులివ్వచ్చా? ఎకరాకు 1500 అడుగుతున్నారు

ఉప్పుకాలువ_రైతు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు. 62 మంది రైతులం, అంతా కలిపి 400 ఎకరాల దాకా రొయ్యల చెరువులు, అందరికీ ఒకటే ఉప్పు కాలువ. అది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి మూడేళ్లయింది. పోటుకు నీళ్లు లోపలికి రావు, మురుగు బయటికి పోదు. మొన్న పౌర్ణమికి పోయి చూస్తే మోకాలి లోతు కూడా లేదు, వేటకు పోయేవాళ్లు నలుగురు దిగి పడవను భుజాలతో నెట్టుకుంటా పోతున్నారు.

ఎమ్మెల్యేకు రెండుసార్లు అర్జీ ఇచ్చాం, ఫొటో దిగాం, అంతే. ఇప్పుడు తెలిసినవాళ్ల ద్వారా విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు. "సెక్రటేరియట్‌లో మనవాళ్లున్నారు, పూడికతీతకు జీవో తెప్పిస్తా" అంటున్నాడు. మొత్తం 6 లక్షలు, లక్షన్నర ముందు, మిగతాది జీవో చేతికొచ్చాక. ఫోన్‌లో మంత్రులతో దిగిన ఫొటోలు చూపించాడు. ఒక పంట పోతే పోయేదానికంటే ఇది తక్కువే గదా అని మావాళ్లలో సగం మంది ఇచ్చేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, అట్టని ఊరికే కూర్చోనూ లేం. ఇట్టాంటివి చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రిటైర్డ్_సెక్షన్:
సచివాలయంలో చాలా ఏళ్లు ఫైళ్లు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా బాబూ, జీవో వస్తే పని అయినట్టు కాదు. ఆయన తెప్పిస్తాననేది పరిపాలనా అనుమతి, అంటే ఇంత ఖర్చుతో ఈ పని చేసుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకోవడం. ఆ తర్వాత టెక్నికల్ శాంక్షన్ (ఎస్టిమేటుకు ఇంజనీర్ల ఆమోదం), టెండరు, వీటన్నిటికంటే ముఖ్యంగా డబ్బు విడుదల ఉంటాయి. జీవో వచ్చాక ఏళ్ల తరబడి మొదలుకాని పనులు నా చేతుల మీదుగానే ఎన్నో పోయాయి. జీవో కాపీ చూసి నాలుగున్నర లక్షలిస్తే మీ మొగలో ఒక్క తట్ట ఇసుక కూడా లేవకపోవచ్చు.

ఇంకొకటి, ఈ ఫైలు పుట్టేది పైన కాదు, కింద. పైనుంచి ఎంతటివాళ్లు ఫోన్ చేసినా సెక్షన్‌లో రాసే మొదటి నోటు ఒకటే: చీఫ్ ఇంజనీర్ నుంచి నివేదిక కోరవచ్చు. ఆ లేఖ చీఫ్ ఇంజనీర్ నుంచి ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్), ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) మీదుగా దిగి దిగి చివరికి మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) టేబుల్ మీదకే వస్తుంది. ఆయన దగ్గర ఎస్టిమేటు లేకపోతే అక్కడే పడుకుంటుంది. మీవాళ్లెవరైనా ఏఈని వెంటబెట్టుకుని మొగ దాకా తీసుకుపోయారా? పోకపోతే ముందు ఆ పని చేయండి, పెట్రోలు ఖర్చుతో పోతుంది.

ఫైలు కదిలిస్తున్నా అని ఎవరన్నా అంటే ఈ-ఆఫీస్ (ఫైళ్లు నడిచే ఆన్‌లైన్ పద్ధతి) కంప్యూటర్ నంబరు అడగండి. నిజంగా ఫైలుంటే నంబరుంటుంది.

నెల్లూరు_వకీలు:
మన దేశంలో లాబీయింగ్‌కు, అంటే ఇంకొకరి తరఫున ప్రభుత్వంలో మాట్లాడి పని చేయించడానికి, ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో 1995 చట్టం ప్రకారం రిజిస్టర్ చేసుకుని ఎవరి తరఫున, ఏ విషయం మీద మాట్లాడుతున్నారో చెప్పాలి. ఇక్కడ అదేం లేదు కాబట్టి ఎవరైనా కార్డు కొట్టించుకోవచ్చు. అలాగని అన్నీ చెల్లుతాయని కాదు. కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ కిందే ఒక ఉదాహరణ ఉంది: ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తానని ఒకడు, ఇప్పిస్తే వెయ్యి రూపాయలిస్తానని ఇంకొకడు ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లదు. 1872 నాటి మాట. పలుకుబడి వాడి పని చేయిస్తానన్న ఒప్పందం కూడా అదే దారి, కాబట్టి పని కాకపోతే మీ లక్షన్నర కోసం కోర్టుకు పోయినా నిలబడటం కష్టం.

దానికంటే పెద్ద చిక్కు అవినీతి నిరోధక చట్టంతో. 2018 సవరణలో 7ఏ సెక్షన్ అని ఒకటి పెట్టారు. లంచంతోనో సొంత పలుకుబడితోనో ఉద్యోగి చేత సక్రమం కాని పద్ధతిలో పని చేయిస్తానని డబ్బు తీసుకుంటే 3 నుంచి 7 ఏళ్లు. ఇచ్చినవాడికీ 8వ సెక్షన్ ఉంది. 62 మంది దగ్గర వసూలు చేసిన నోటుబుక్కు మీ దగ్గరే ఉంటుంది కదా, రేపు అదే సాక్ష్యం.

గెలాక్సీ_పాలిష్:
మాది చీమకుర్తి అన్నా, చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. రెండేళ్ల కింద మేం 11 యూనిట్ల వాళ్లం తలా 30 వేలు వేసుకుని ఇట్టాంటి ఒకాయనకే ఇచ్చాం, కరెంటు విషయంలో వెసులుబాటు తెప్పిస్తానన్నాడు. ఆర్నెల్లకు నిజంగానే వచ్చింది! సంబరపడ్డాం. తర్వాత తెలిసిందేందంటే అది అందరికీ వచ్చింది, ఒక్క రూపాయి ఇవ్వనోళ్లకు కూడా. వస్తుందని ఆయనకు ముందే తెలుసు, అదే మాకు అమ్మాడు. పైగా "పని అయింది గదా, బ్యాలెన్సు ఎప్పుడు" అని రోజూ ఫోను. ఆ టెన్షన్‌కు మా పెద్దాయనకు షుగర్ పెరిగింది, నిజంగా.

అర్జీ_రాతగాడు:
నేను ఒంగోలులో ఈ పనే చేస్తా, తిట్టుకోకుండా చదవండి. ఈ పనిలో కూడా నిజాయితీగా చేసే భాగం ఒకటుంది, దానికి ఫీజు తీసుకోవడం తప్పు కాదు. కాగితం తయారు చేయడం, ఏ అధికారి పరిధిలో ఏముందో తెలుసుకోవడం, మళ్లీ మళ్లీ వెళ్లి అడగడం. నేను నెలకింత అని బిల్లు ఇచ్చి, జీఎస్‌టీ వేసి, బ్యాంకు ద్వారానే తీసుకుంటా. జీవో వస్తే ఇంత అని చచ్చినా మాట్లాడను.

మీ కేసులో నేనైతే ముందు మొగ పాత శాటిలైట్ బొమ్మలు తీస్తా, గూగుల్ ఎర్త్‌లో ఏడాదివారీగా దొరుకుతాయి. మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఒకటే పేజీ. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు. తర్వాత ఊరి మత్స్యకార సొసైటీ చేత అదే లేఖ ఇప్పిస్తా, రొయ్యల రైతులు అడిగితే వ్యాపారం, వేటకు పోయేవాళ్లు అడిగితే బతుకుతెరువు, ఆఫీసుల్లో చూసే చూపే వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు పడవలు కదలవు కాబట్టి పని కూడా ఆ 61 రోజుల్లో పెట్టమని అడగండి. ఆ చోటు సీఆర్‌జెడ్‌లో (తీరం వెంట పనులకు ఆంక్షలున్న ప్రాంతంలో) ఉంటుంది, ఆ అనుమతి సంగతి ఎస్టిమేటు వేసేటప్పుడే తేల్చుకోకపోతే తర్వాత ఏడాది పోతుంది.

చివరగా, అడగడానికి మొహమాటంగా ఉంది కానీ, మీ 62 మందిలో ఎంతమంది చెరువులకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీరంలో రొయ్యల సాగును చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది? లెటర్‌హెడ్ మీద సంతకాలు పెట్టి పంపితే ముందు చూసేది అదే.

ఉప్పుకాలువ_రైతు:
ఆ చివరి ప్రశ్న గట్టిగా తగిలింది. రాత్రి కూర్చుని లెక్క తీస్తే 27 మందికే ఉంది. మిగతావాళ్లలో కొందరు రెన్యూవల్ చేయించలేదు, కొందరు అసలు పెట్టనేలేదు.

విజయవాడ ఆయన పొద్దున ఫోన్ చేశాడు. బ్యాంకులో వేస్తాం, బిల్లు ఇస్తారా అంటే "మన మధ్య బిల్లులేందన్నా" అన్నాడు. మావాళ్లు స్పీకర్‌లో విన్నారు. ఇచ్చేద్దాం అన్నవాళ్లే నోరు మూసుకున్నారు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇద్దామనుకుంటున్నాం, సొసైటీ ప్రెసిడెంటు కూడా వస్తానన్నాడు. పాత అర్జీలు రెండూ ఏమయ్యాయో ఆర్‌టీఐ పెట్టొచ్చా?

రిటైర్డ్_సెక్షన్:
పెట్టు బాబూ. ఈఈ ఆఫీసుకు, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఏమైంది" అని అడగకు, ఈ మొగ మీద ఎస్టిమేటు వేశారా, వేస్తే కాపీ ఇవ్వండి అని అడుగు.