వియన్నాలో రెండు రోజులే ఉన్నాయి, ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

ప్రశ్న: వచ్చే నెల వియన్నా వెళ్తున్నాం. శని, ఆదివారాలు మాత్రమే ఖాళీ. షోన్‌బ్రున్, హోఫ్‌బుర్గ్, బెల్వెడేర్ ప్యాలెస్‌లు, స్టెఫాన్ చర్చి, ఆపైన బోలెడన్ని మ్యూజియంలు... లిస్టు చూస్తేనే టెన్షన్‌గా ఉంది. అమ్మ కూడా వస్తోంది, మోకాళ్ళ నొప్పి వల్ల మెట్లెక్కలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

జవాబు 1: అన్నీ చూడాలని పెట్టుకోకండి, ఏదీ గుర్తుండదు. నన్నడిగితే ఒక పూట మొత్తం కున్స్ట్‌హిస్టారిషెస్ అనే కళల మ్యూజియంకి ఇచ్చేయండి. పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని లేవు, ఒకే గదిలో వరసగా ఉంటాయి. 1565లో వేసిన మంచులో వేటగాళ్ళ బొమ్మ ముందు నేను అరగంట నిలబడిపోయాను. పొద్దంతా తిరిగినా వాళ్ళకి ఒక్క నక్కే దొరికింది పాపం, కుక్కలు తలలు వేలాడేసుకుని వాళ్ళ వెనక నడుస్తుంటాయి. పక్కన సత్రం బోర్డు ఒక కొక్కెం ఊడిపోయి వంకరగా వేలాడుతుంటుంది. అప్పుడు కిందికి చూస్తే గడ్డకట్టిన చెరువుల మీద చీమలంత మనుషులు ఆడుకుంటుంటారు. పుస్తకంలో ఇవేవీ కనబడవు, దగ్గరికెళ్ళి చూడాల్సిందే. ఆయన వేసిన బాబెల్ గోపురం బొమ్మ కూడా ఆ గదిలోనే. ఎదురుగా అచ్చం అలాంటి భవనమే ఇంకోటి ఉంటుంది, అది ప్రకృతి మ్యూజియం. ఓపిక ఉంటే అక్కడ విల్లెన్‌డోర్ఫ్ వీనస్ అనే చిన్న రాతి స్త్రీ బొమ్మ చూసి రండి, 1908లో తవ్వకాల్లో దొరికింది, 11 సెంటీమీటర్లే కానీ దాదాపు 30 వేల ఏళ్ళ నాటిది.

జవాబు 2: పైవారు చెప్పింది నిజమే కానీ, చరిత్ర మీద ఇష్టముంటే సైనిక చరిత్ర మ్యూజియం మాత్రం వదలొద్దు. 1914 జూన్ 28న సరయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ని, ఆయన భార్యని కాల్చి చంపినప్పుడు వాళ్ళు కూర్చున్న కారు అక్కడే ఉంది, మొదటి ప్రపంచయుద్ధానికి దారితీసింది ఆ హత్యే, దాని పక్క భాగంలో తూటా పడిన రంధ్రం ఇప్పటికీ కనిపిస్తుంది. ఆయన వేసుకున్న నీలం రంగు కోటు, దాని మీద రక్తపు మరకలు చూశాక నాకు చాలాసేపు మాట రాలేదు. ఆ యుద్ధం గురించి బళ్ళో ఎన్నిసార్లు చదివి ఉంటాం, అయినా అప్పుడే మొదటిసారి తెలుసుకున్నట్టు అనిపించింది. బెల్వెడేర్ నుంచి దగ్గరే, అక్కడ క్లిమ్ట్ వేసిన ‘ముద్దు’ అనే చిత్రం చూసి అటు నుంచి అటే వెళ్ళొచ్చు.

జవాబు 3: అమ్మగారి గురించి ఎవరూ చెప్పలేదు. స్టెఫాన్ చర్చి దక్షిణ గోపురానికి 343 మెట్లు, సన్నటి మెలికల దారి, అటు అస్సలు వెళ్ళొద్దు. ఉత్తర గోపురానికి లిఫ్టు ఉంది, రంగురంగుల పెంకుల కప్పు అక్కడి నుంచి బాగా దగ్గరగా కనిపిస్తుంది. పుమ్మెరిన్ అనే పెద్ద గంట కూడా అక్కడే. 1945లో చర్చి కాలిపోయినప్పుడు పాత గంట కిందపడి ముక్కలైతే, ఆ ముక్కల్నే కరిగించి మళ్ళీ పోతపోశారు. అమ్మగారికి ఈ కథ చెప్పి చూపించండి, నచ్చుతుంది. షోన్‌బ్రున్ లోపలికి వెళ్ళకపోయినా ఫర్వాలేదు, దాని తోటలోకి టికెట్ అక్కర్లేదు. తోట చివర గ్లోరియెట్ అనే మండపం మాత్రం గుట్ట మీద ఉంటుంది, కింద నుంచే చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: అందరికీ థాంక్స్ అండీ. శనివారం పొద్దున లిఫ్టెక్కి గంట చూసి, మధ్యాహ్నమంతా బ్రూగెల్. ఆదివారం క్లిమ్ట్, ఆ కారు, సాయంత్రం తోటలో బెంచీ మీద అమ్మతో కూర్చుంటాను. హోఫ్‌బుర్గ్ వదిలేస్తున్నా.