ఏమీ కలపని ట్యూబులోనే న్యూట్రోఫిల్స్ యాక్టివేట్ అయిపోతున్నాయి, ఎందుకు?

ఉప్పల్_పీజీ:
ఆరోగ్యంగా ఉన్న వలంటీర్ల రక్తంలో తెల్లకణాల మార్కర్లు (కణం పైన ఉండే గుర్తు ప్రొటీన్లు) ఫ్లో సైటోమీటర్ (కణాలని ఒక్కొక్కటిగా లేజర్‌తో కొలిచే యంత్రం) మీద చూస్తున్నాను. ఏమీ కలపని కంట్రోల్ ట్యూబులోనే న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) మీద సీడీ11బీ బాగా ఎక్కువ, సీడీ62ఎల్ తక్కువ, అంటే యాక్టివేట్ అయిపోయిన గుర్తులే. వాటిని రెచ్చగొట్టే ఎఫ్ఎమ్ఎల్‌పీ కలిపిన ట్యూబుతో పోలిస్తే తేడా కనబడట్లేదు. రక్తం దిల్‌సుఖ్‌నగర్‌లో తీసి ఐస్ డబ్బాలో పెట్టి, మెహదీపట్నం ట్రాఫిక్ దాటుకుని గచ్చిబౌలి తెచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, ఆపైన ఫికాల్ (రక్తకణాలని సాంద్రతని బట్టి పొరలుగా విడదీసే ద్రవం), అడుగున మిగిలిన దాంట్లో ఎర్రకణాల లైసిస్ (కరిగించేయడం), అన్నీ అయ్యాక స్టెయినింగ్ (మార్కర్లకి అంటుకునే రంగు యాంటీబాడీలు కలపడం). కొత్త యాంటీబాడీ తెప్పించినా అదే గ్రాఫ్. గైడ్ సార్ చూసి ఏమీ అనలేదు, అదే టెన్షన్.

ఫ్లో_అక్క:
యాంటీబాడీని అనుమానించకు తమ్ముడూ, ఉన్నదే చూపిస్తోంది. న్యూట్రోఫిల్ సీడీ11బీని అప్పటికప్పుడు తయారు చేసుకోదు, కణం లోపలి చిన్న సంచుల్లో, అంటే గ్రాన్యూల్స్‌లో నిల్వ ఉంటుంది, కాస్త కదిలిస్తే చాలు నిమిషాల్లో పైకొచ్చేస్తుంది. సీడీ62ఎల్‌ని ఆడమ్17 అనే ఎంజైమ్ కోసేస్తుంది. ఐస్‌లో పెట్టి మళ్లీ వేడి తగలనివ్వడం, సెంట్రిఫ్యూజ్, లైసిస్, ఇవన్నీ దానికి కదిలింపులే. ఫికాల్ మానేసి మొత్తం రక్తంలోంచి 100 మైక్రోలీటర్లు తీసుకుని నేరుగా స్టెయిన్ చెయ్, ఎర్రకణాలు కరిగించడం, ఫిక్స్ చేయడం (కణాలు ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయేలా చేయడం) ఆ తర్వాత. వీలైతే ఒక ట్యూబు రక్తం తీసిన చోటే స్టెయిన్ చేసి ఫిక్స్ చేసెయ్, ప్రయాణం ఎంత చెడగొడుతోందో తేలిపోతుంది.

గేటింగ్_గురు:
అక్క మాటే నాదీ. ఇంకోటి, ట్యూబు మూత ఏ రంగు? ఊదా అయితే అందులో రక్తం గడ్డకట్టకుండా వేసేది ఈడీటీఏ, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, స్టిమ్యులేషన్ సరిగా రాదు. హెపారిన్‌ది, ఆకుపచ్చ మూతది వాడు. సీడీ11బీ ఎక్కువుంటే చాలదు, అది తెరుచుకున్న ఆకారంలో ఉందో లేదో కావాలంటే ఆ ఆకారాన్నే పట్టుకునే సీబీఆర్‌ఎమ్1/5 క్లోన్ యాంటీబాడీతో చూడు. ఇసినోఫిల్స్ (ఇంకో రకం తెల్లకణాలు) మీద కూడా సీడీ11బీ ఉంటుంది, న్యూట్రోఫిల్స్ మీదుండే సీడీ16తో విడదీసుకో.

ఉప్పల్_పీజీ:
థాంక్స్ అక్కా, గురూ. మూత ఊదానే! టీ కణాలకి (అవీ తెల్లకణాలే) కూడా ఇదే గొడవా? వాటిని రెచ్చగొట్టడానికి పీఎమ్ఏ అనే రసాయనం ఇస్తే వాటి మీది సీడీ4 మార్కర్ మాయమవుతోంది.

ఫ్లో_అక్క:
టీ కణాలకి ఇంత కంగారు లేదు. యాక్టివేషన్ మార్కర్లలో సీడీ69 కొన్ని గంటల్లో వస్తుంది, సీడీ25కి మర్నాటిదాకా ఆగాలి, హెచ్ఎల్ఏ-డీఆర్ ఇంకా ఆలస్యం. సీడీ25 అసలు ఏమీ ఇవ్వకుండానే రెగ్యులేటరీ టీ కణాల (రోగనిరోధక స్పందనని అదుపులో పెట్టేవి) మీద ఉంటుంది, కంట్రోల్‌లో కాస్త కనబడితే భయపడకు. సీడీ4 ఎక్కడికీ పోలేదు, పీఎమ్ఏ దాన్ని కణం లోపలికి లాగేస్తుంది. సీడీ3 ఉండి సీడీ8 లేనివాటిని గేట్ చేసుకుంటే (గ్రాఫ్‌లో వాటినే ఎంచుకుంటే) చాలావరకు నీకు కావలసిన సీడీ4 టీ కణాలే దొరుకుతాయి.