డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కోర్సులో బీ గ్రేడ్ వస్తే కొంప మునుగుతుందా?

సీతమ్మధార బాబాయి:
మా అన్నయ్య కూతురికి కాలిఫోర్నియాలో పదకొండో తరగతి అయింది, సెలవులకి మా దగ్గరకొచ్చింది. వచ్చిందన్న మాటేగానీ ఆర్కే బీచ్‌కి ఒక్కసారే వెళ్ళాం. హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో (అక్కడి రెండేళ్ళ స్థానిక కాలేజీ) ఆన్‌లైన్ ఎకనామిక్స్ చేస్తోంది, దీన్నే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. అక్కడ రాత్రి 11:59 గడువంటే మనకి మధ్యాహ్నం 12:29, అంటే సరిగ్గా భోజనాల వేళ. తను టైపు చేస్తుంటే మా అమ్మ పక్కన కూర్చుని ముద్దలు పెడుతోంది. మొన్న కరెంటు పోయి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టేలోపే క్విజ్ కాస్తా పోయింది. ఇప్పుడు బీ వచ్చేలా ఉందని ఒకటే ఏడుపు. అన్నయ్యేమో ఇలాంటివి ఆరేడు చేస్తే డిగ్రీలో ఏడాది ఫీజు మిగులుతుందంటాడు. బర్క్‌లీ, యేల్ లాంటి యూనివర్సిటీలు వీటిని లెక్కలోకి తీసుకుంటాయా?

మధురవాడ అమ్మ:
రెండు విషయాలు కలిపేస్తున్నారండీ. సీటిచ్చేటప్పుడు చూడటం వేరు, క్రెడిట్లు ఇవ్వడం (అంటే ఆ కోర్సుని డిగ్రీలో పూర్తయినట్టు లెక్కేయడం) వేరు. బర్క్‌లీ యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కిందికి వస్తుంది కదా, వాళ్ళు గుర్తించే కోర్సయితే ఒక్క సెమిస్టర్‌నే హైస్కూల్లో ఏడాది చదువు కింద లెక్కేస్తారు, జీపీఏకి (గ్రేడ్ల సగటుకి) ఆనర్స్ పాయింటు, అంటే కష్టమైన కోర్సు చేసినందుకు అదనపు పాయింటు, కలుపుతారు (దానికో పరిమితి ఉందిలెండి), చేరాక క్రెడిట్లూ వస్తాయి. యేల్ అయితే హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సులకి క్రెడిట్ ఇవ్వదు. అప్లికేషన్‌లో మాత్రం చూస్తుంది. కాబట్టి మీ అన్నయ్యగారి ఫీజు లెక్క అక్కడ కుదరదు.

గాజువాక నాన్న:
మావాడు టెక్సస్‌లో కాలిక్యులస్ వదిలేసి ఇలాంటి కాలేజీ కోర్సుల్లో తేలికవి ఆరు పోగేశాడు, మేమూ సంఖ్య చూసి మురిసిపోయాం. తీరా వాళ్ళ కౌన్సెలర్ చెప్పిందేమిటంటే, స్కూల్లో ఏ కోర్సులు దొరుకుతాయో చూసి వాటిలో కష్టమైనవి తీసుకున్నాడా లేదా అని సీటిచ్చేటప్పుడు చూస్తారట. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో క్రెడిట్లు బాగానే కలిశాయి, అది నిజం. కానీ అవి కాలేజీ మార్కులు, చెరిగిపోవు. పదహారేళ్ళప్పుడు ఇంగ్లీషులో వచ్చిన సీ గ్రేడ్‌ని ఇప్పుడు మెడిసిన్ అప్లికేషన్‌లో కూడా చూపించాల్సి వచ్చింది.

కంచరపాలెం కుర్రాడు:
ఏటి బాబాయ్, ఒక్క బీకే ఇంత టెన్షనా? ముందు కరెంటు సంగతి ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టమనండి.

సీతమ్మధార బాబాయి:
పెట్టింది తమ్ముడూ, జవాబు రాలేదు. శుక్రవారం లోపు విత్‌డ్రా అవ్వొచ్చట గానీ రికార్డులో డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుందని వద్దంటోంది, పూర్తి చేస్తానంటోంది. అన్నయ్యకి యేల్ సంగతి చెబితే ఫోన్ వదినకిచ్చేశాడు. రేపు ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోయించాలి.