రెండు పీపాల బర్బన్‌లో మొక్కజొన్న మిగులుతుందా?

సన్నసెగ:
వుడ్‌ఫోర్డ్ రిజర్వ్ డబుల్ ఓక్డ్ (బర్బన్ అంటే ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ; ఇది ఒక ఓక్ చెక్క పీపాలో ఉండి, తర్వాత రెండోదాంట్లోకి మారేది) మీద మొన్న ఇక్కడ ఒకరు "కట్టె కషాయం" అని రాశారు. నేను ఒప్పుకోను. నిన్న రాత్రి మామూలు వుడ్‌ఫోర్డ్, డబుల్ ఓక్డ్ పక్కపక్కన పోసుకుని కూర్చున్నా. ధాన్యం పాళ్లు రెంటికీ ఒకటే: నూటికి మొక్కజొన్న 72, రై (గోధుమ లాంటి ధాన్యం) 18, మాల్ట్ బార్లీ (మొలకెత్తించిన బార్లీ) 10. ఆల్కహాలూ 45.2 శాతమే. కాబట్టి తేడా అంతా రెండో పీపాదే. దాని లోపలి చెక్కకి సెగ బాగా పట్టించి, మంట మాత్రం పైపైన తగిలిస్తారు. ముక్కు దగ్గర పెట్టగానే ముదురు బెల్లం పాకం, వెనిల్లా. ఆ వాసనకే నేను పడిపోయా.

పొత్తుగింజ:
అన్నా, ఆ పాకం కట్టె ఇచ్చింది. మొక్కజొన్న ఏదీ? 51 శాతం ఉంటేనే బర్బన్ అనొచ్చు, 72 వేసినవాళ్ల గ్లాసులో అది తెలియాలి కదా. మామూలు సీసాలో తెలుస్తుంది, లేత గింజ తియ్యదనం. డబుల్ ఓక్డ్‌లో గుటక దిగాక చిగుళ్లు పట్టేస్తాయి, పచ్చి అరటికాయ కొరికినట్టు వగరు. రెండో పీపా పెట్టి మంచి సరుకుని కప్పేశారనే నా బాధ.

లూయివిల్ అక్క:
వగరు నిజమే తమ్ముడూ, కొత్త ఓక్‌లోని టానిన్ అది. కానీ తియ్యదనం కూడా ఆ చెక్కదే. సెగకి చెక్కలోని హెమిసెల్యులోజ్ విరిగి చక్కెరలవుతుంది, లిగ్నిన్ అని చెక్కలోదే ఇంకో పదార్థం నుంచి వెనిల్లా వాసన వస్తుంది. బర్బన్‌లో రంగు, రుచి బయట నుంచి కలపడానికి చట్టం ఒప్పుకోదు, అందుకే పీపా మీద ఇంత పని. ఇంతకీ పోసిన వెంటనే తాగేశావా? పది నిమిషాలు వదిలెయ్. తర్వాత అర చెంచా నీళ్లు.
ఇంకోటి, మొక్కజొన్నే కావాలంటే ఎలైజా క్రెయిగ్ టోస్టెడ్ బ్యారెల్ అనే బర్బన్ పట్టుకో. అందులో 78 పాళ్లు, ఆల్కహాలు 47 శాతం. అదీ రెండో కొత్త పీపాలో ఉండి వచ్చిందే.

సన్నసెగ:
అక్క మాటే నాదీ. గింజ తియ్యదనం ఎంత ఎక్కువుంటే అంత కట్టెని మోస్తుంది.

పొత్తుగింజ:
అక్కా, నువ్వు చెప్పినట్టే చేశా. లేబుళ్లు కనపడకుండా మా ఆవిడ చేత పోయించా. నీళ్లు పడ్డాక డబుల్ ఓక్డ్‌లో వగరు సగం తగ్గింది, వెనక నుంచి నిప్పుల మీద కాల్చిన పొత్తు వాసన లేచింది. అది లేదన్నది నా పొరపాటే. అయినా రెండో గ్లాసుకి చెయ్యి మామూలు వుడ్‌ఫోర్డ్ వైపే పోయింది. మొక్కజొన్న కోసం పది నిమిషాలు కాచుకోవాల్సి రావడం నాకింకా నచ్చలేదు. ఈ శనివారం ఎలైజా క్రెయిగ్‌ని కూడా అలాగే చూసి రాస్తా.