డెంప్‌స్టర్ హైవే సైకిళ్ల మీద, ఐదుగురం, 7 రోజుల్లో అవుద్దా?

గోదారిసైకిల్:
అందరికీ నమస్తే. మేం ఎడ్మంటన్‌లో ఉండే ఐదుగురం, వచ్చే జూలై మొదట్లో ఉత్తర కెనడా యూకాన్‌లో డాసన్ సిటీ దగ్గర్నుంచి ఇనువిక్ ఊరి దాకా డెంప్‌స్టర్ హైవే అనే కంకర రోడ్డు మీద తొక్కుదామని చూస్తున్నాం. డాసన్ దాకా కార్లో, ఇనువిక్ నుంచి ఫ్లైట్‌లో వెనక్కి. మొత్తం దాదాపు 740 కి.మీ. కదా, రోజుకి 105 లెక్కన 7 రోజులని ఎక్సెల్ కూడా వేసేశా. మాలో ఇద్దరు వీకెండ్‌కి 150 అవలీలగా లాగేస్తారు, నేనూ ఇంకొకడూ మామూలు, మా బావగారికి 52, ఓపిక ఉంది గానీ నిదానం. టైర్లు 38 మి.మీ. సరిపోతాయా? స్పీడుగాళ్లు ముందు వెళ్లి టెంట్లు వేసి వంట మొదలెడితే మేం వెనకాల చేరుకుంటాం అనేది ప్లాన్. ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

పాతచైన్:
బ్రో, ముందు ఆ ఎక్సెల్ మూసెయ్. మేం నలుగురం వెళ్లాం, 11 రోజులు పట్టింది, అందులో రెండు రోజులు వానకి టెంట్లోనే కూర్చున్నాం. ఎండగా ఉన్నప్పుడు ఆ రోడ్డు గట్టిగా బానే ఉంటది, కానీ దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడ్ చల్లుతారు, అది వాన పడ్డాక బంకలా తయారవుద్ది. మడ్‌గార్డ్‌కీ టైర్‌కీ మధ్య దూరి చక్రం తిరగదు, నేను టెంట్ మేకుతో గీకి గీకి ఒక పావుగంటకి వంద గజాలు నడిచా. మడ్‌గార్డ్‌లు ఇంట్లోనే పడేసి రండి. బురద ఆరకముందే ఏదో ఒక వాగులో కడిగేసుకోవాలి, ఆరితే సిమెంటే. టైర్లు 50 మి.మీ. తగ్గొద్దు, రాళ్లు పలకల్లా పదునుగా ఉంటాయి, ఒక స్పేర్ టైర్ కూడా ఉండాలి.

ఇక ముందు వెళ్లి వంట మొదలెట్టడం అనే ప్లాన్ ఉంది చూశావూ, అదే మా కొంప ముంచింది. మూడో రోజు మా ఇద్దరు స్పీడుగాళ్లు ఊపులో వెళ్లిపోయారు, టెంట్ బట్ట మా దగ్గర, కర్రలు వాళ్ల దగ్గర. ఫోన్ సిగ్నల్ లేదు, వాన మొదలైంది. వాళ్లు మమ్మల్ని వెతుక్కుంటూ వెనక్కి రావడానికి నాలుగు గంటలు, ఆ నాలుగు గంటలూ మేం ఆ బట్ట కప్పుకుని రోడ్డు పక్కన చెట్టు కింద, గంప కింద పెట్టిన కోళ్లలా కూర్చున్నాం. ఇద్దరిద్దరికి టెంటూ స్టవ్వూ పంపూ మొత్తం సెట్ ఉండాలి, ముందు మీ బావగార్ని పెట్టండి, స్పీడుగాళ్లు వెనకుండాలి. వాళ్లకి విసుగే, పడనీ.

మంచులోమామిడి:
నేను యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో ఉంటాను, ఆ రోడ్డు మీద కార్లో చాలాసార్లు, సైకిల్ మీద సగం దాకా. పైన చెప్పిందంతా కరెక్టే, నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. దాదాపు 245వ కిలోమీటర్ బోర్డు దగ్గర ఓగిల్వీ నది వదిలి పెద్ద ఎక్కుడు ఎక్కుతారు, అక్కణ్నుంచి 369లో ఈగిల్ ప్లెయిన్స్ వచ్చేదాకా గుట్ట మీదే రోడ్డు, నీళ్లు దొరకడం కష్టం. కిందే నింపుకోండి, మనిషికి 6 లీటర్లైనా. దానికి ముందొచ్చే ఇంజినీర్ క్రీక్ చూసి మురిసిపోకండి, నీళ్లు తుప్పు రంగు, ఖనిజాలు ఎక్కువ. ఫోర్ట్ మెక్‌ఫర్సన్ అనే ఊరు వచ్చేదాకా దారిలో హోటలు, తిండి ఉన్నది ఆ ఈగిల్ ప్లెయిన్స్ ఒక్కటే, ముందే ఫోన్ చేసి అడిగితే మీ తిండి డబ్బా అక్కడికి పంపుకోవచ్చేమో తేలుద్ది. దాని తర్వాత కొట్టు అంటే ఫోర్ట్ మెక్‌ఫర్సనే.

ఎలుగుల విషయం: వాసనకి వస్తాయి, పోపులూ ఇంగువలూ వద్దు. అటుకులు, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా పొడి, కందిపొడి చాలు. వండి తినేసి ఇంకో నాలుగైదు కిలోమీటర్లు తొక్కి అప్పుడు పడుకోండి. అక్కడ రాత్రి చీకటే పడదు కాబట్టి ఇబ్బందేం లేదు. దారిలో చాలా చోట్ల తిండి సంచి వేలాడదీయడానికి చెట్లే ఉండవు, ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలే కావాలి. బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే కారం స్ప్రే) ఫ్లైట్‌లో చెకిన్‌లో కూడా ఎక్కనివ్వరు, ఇనువిక్‌లో ఈ రోడ్డు మీద దక్షిణానికి వెళ్లేవాళ్లకెవరికైనా ఇచ్చెయ్యండి. దోమతెర టోపీ లేకుండా మాత్రం బయల్దేరొద్దు.

హైదరాబాదీ_పెడల్:
ఇంత గోల ఎందుకన్నా, ఒక కారు వెనకాల పెట్టుకుంటే అయిపోద్ది కదా. సామాను అంతా అందులో, ఖాళీ సైకిళ్లు.

పాతచైన్:
పెట్టుకోవచ్చు తప్పేం లేదు, కానీ డ్రైవ్ చేసేవాడెవడూ గంటకి 12 కి.మీ. స్పీడులో పది రోజులు నడపడు, వాడూ ముందుకెళ్లి కూర్చుంటాడు, మళ్లీ అదే కథ.

గోదారిసైకిల్:
బావగార్ని ముందు పెట్టమన్నారని చెప్పా, మనిషి తెగ మురిసిపోయారు. 12 రోజులకి మార్చేశా, సెలవులు అడగాలి. స్పీడుగాళ్లలో ఒకడు అలిగాడు, వాడికి స్టవ్ పంపూ మోసే డ్యూటీ ఇచ్చా. పీల్, మెకెంజీ నదులు దాటడానికి బల్లకట్టుకి టికెట్ ముందే బుక్ చెయ్యాలా?

మంచులోమామిడి:
అక్కర్లేదు, రెండూ ఫ్రీనే. కాకపోతే నీళ్లు పెరిగి దుంగలు కొట్టుకొస్తుంటే ఆపేస్తారు, ఒక రోజు దానికీ వదిలిపెట్టండి. ఇంకోటి, 465 దగ్గర రైట్ పాస్ అనే కనుమలో యూకాన్ వదిలి పక్కనున్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లోకి దాటాక కిలోమీటర్ బోర్డులు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి, మీ బావగారు 74 అని బోర్డు చూసి కంగారు పడకుండా ముందే చెప్పండి, అది పీల్ నది బల్లకట్టు రేవు.