లావుగా ఉన్న రోగిని ఎలా చూడాలో హౌస్ సర్జన్లకు సీనియర్లు పక్కన కూర్చుని నేర్పాలా?

మెడిసిన్ ఓపీ (చర్చ ప్రారంభం)

ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ చెబుతూ పద్నాలుగేళ్లయింది. గత నెల ఓపీలో జరిగిన ఒక విషయం నన్ను వదలడం లేదు.

నలభై ఆరేళ్ల ఆవిడ. ఇంట్లో కుట్టుపని చేస్తుంది. నీరసం, ఆయాసం, మోకాళ్ల నొప్పులు అంటూ వచ్చింది. మా హౌస్ సర్జన్ బీపీ చూశాడు: 162/98. చీటీ మీద బీపీ మాత్ర రాశాడు, కింద పెద్ద అక్షరాలతో "బరువు తగ్గాలి" అని రాసి గీత గీశాడు. నేను పక్క బల్ల దగ్గర ఉన్నాను. ఆవిడ లేస్తూ, "నాలుగేళ్లుగా ఎక్కడికి వెళ్లినా ఇదే చెబుతున్నారయ్యా, నీరసం ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు" అంది. ఆ మాట చెవిన పడి ఆవిడను కూర్చోబెట్టాను.

టేపు పెట్టి కొలిస్తే జబ్బ చుట్టుకొలత 41 సెంటీమీటర్లు. మా బల్ల మీది మామూలు కఫ్ (బీపీ చూడటానికి జబ్బకు చుట్టే పట్టీ) 34 సెంటీమీటర్ల వరకే సరిపోతుంది. ఐసీయూ నుంచి పెద్ద కఫ్ తెప్పించి, ఐదు నిమిషాలు ఆగి చూస్తే 138/86. కింది కనురెప్పను లాగి చూశాను. లోపల ఎరుపన్నదే లేదు. అడిగితే అప్పుడు చెప్పింది, రెండేళ్లుగా నెలసరి పది రోజులు ఆగకుండా పోతోందని. హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది, అంటే నీరసానికి కారణం రక్తహీనత. నాలుగేళ్లలో ఎంతమంది డాక్టర్లు చూశారో, ఒక్కరూ కనురెప్ప లాగలేదు. లావు కనిపించగానే కారణం దొరికిపోయిందనుకున్నారు.

మా హౌస్ సర్జన్ చెడ్డవాడు కాదు, కష్టపడే పిల్లవాడు. మరి ఇది ఎక్కడ నేర్చుకున్నాడు? రెండు వారాల ముందు రౌండ్లలో ఒక రోగిని చూపించి "ఈవిడను మంచం ఎక్కించాలంటే నలుగురు కావాలి" అన్నది నేనే. అందరూ నవ్వారు. అతడూ నవ్వాడు. ఆ రోజు నేను చెప్పిన పాఠం అదే.

ఇది నా ఒక్కడి సంగతి కాదని తెలుసు. అమెరికాలో 49 వైద్య కళాశాలల్లో 4,732 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. లావుగా ఉన్నవారంటే తమకు తెలియకుండానే చిన్నచూపు 74 శాతం మందిలో ఉంది. తెలిసే చిన్నచూపు చూసేవారు 67 శాతం. ఆ విద్యార్థులనే చదువు చివర మళ్లీ చూశారు. అధ్యాపకులు ఇలాంటి రోగులను తక్కువ చేయడం విన్నవారిలో అది ముదిరింది. రోగులతో మంచి అనుభవం ఉన్నవారిలో తగ్గింది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఇంటర్న్‌షిప్ ఏడాది పొడవునా ప్రతి హౌస్ సర్జన్‌కు ఒక సీనియర్ ఉండాలి. నెలకు ఒక పూట ఇద్దరూ కలిసి ఓపీలో కూర్చోవాలి. ఒకరు రోగిని చూస్తుంటే రెండోవారు గమనించాలి, తరువాత తలుపు వేసుకుని మాట్లాడుకోవాలి. ఇది తప్పనిసరి చేయాలని నేను అంటాను. మీరేమంటారు?

సర్జికల్ వార్డు

డాక్టర్ గారూ, మీ రోగి విషయంలో జరిగింది తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ దానికి మీరు చెప్పిన మందుతో నాకు పేచీ ఉంది.

బరువు అబద్ధం కాదు. మత్తు ఇచ్చేటప్పుడు గొట్టం వేయడం కష్టం, గాయం మానడం ఆలస్యం, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. ఇవి నేను టేబుల్ మీద చూసేవి. 2002లో వచ్చిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో ఆహారం, నడకలతో 7 శాతం బరువు తగ్గించడం లక్ష్యంగా పెట్టుకుంటే మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లోనే మూడో వంతుకు పైగా మహిళలు అధిక బరువుతో ఉన్నారు. పైగా మనవాళ్లకు తక్కువ బరువులోనే ముప్పు మొదలవుతుందని, భారతీయులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చూసే లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లోనే మన నిపుణులు గీత కిందికి జరిపారు. ఇలాంటి చోట "బరువు గురించి జాగ్రత్తగా మాట్లాడు" అని నేర్పితే, రేపటి డాక్టర్ అసలు మాట్లాడడమే మానేస్తాడు. దానివల్ల నష్టపోయేది రోగే.

ఇంకొకటి. 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, సంభాషణల మీద ఎట్కామ్ పాఠాలు ఉన్నాయి. ఏమయ్యాయి? చాలాచోట్ల లాగ్‌బుక్‌లో సంతకాలుగా మిగిలాయి. మీరు చెప్పే మెంటారింగ్, అదే సీనియర్ పక్కన కూర్చుని నేర్పడం, కూడా ఇంకొక సంతకం అవుతుంది.

గుంటూరు టీచరమ్మ

నేను డాక్టర్‌ను కాదు, రోగిని. సర్జన్ గారు "నష్టపోయేది రోగే" అన్నారు కనుక ఒక మాట చెబుతాను.

నేను వెళ్లే ఒక ఆసుపత్రిలో బరువు చూసే యంత్రం వరండాలో ఉంటుంది. చీటీ రాసే అబ్బాయి పది అడుగుల దూరంలో కూర్చుంటాడు. యంత్రం దగ్గరి ఆయా అంకె చూసి అతడికి వినిపించేలా అరుస్తుంది. "తొంభై ఆరూ!" బెంచీల మీద ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. అందులో మా బడిలో చదివే పిల్ల తల్లి కూడా ఉంది. లోపలికి వెళితే డాక్టర్ గారు నా వైపు చూడకముందే "అన్నం మానేయాలమ్మా" అన్నారు. నేను వెళ్లింది చెవిపోటుకు.

ఆ తరువాత మూడేళ్లు ఏ ఆసుపత్రి గడప తొక్కలేదు. చివరికి కాలి పుండు మానకపోతే వెళ్లాను. షుగర్ 340 ఉంది. ముందే వెళ్లి ఉంటే ముందే తెలిసేది కదా.

బరువు గురించి చెప్పవద్దని మేము అనడం లేదు సార్. చెవి నొప్పని వస్తే ముందు చెవి చూడమంటున్నాం.

నైట్ డ్యూటీ సిస్టర్

టీచర్ గారూ, ఆ ఆయా అరుపు చదివి తలదించుకున్నాను. మా దగ్గరా అదే జరుగుతుంది. రోగి డాక్టర్ గదిలోకి వెళ్లేలోపే మేము చేయవలసిన నష్టం చేసేస్తాం. బరువు చూసేది మేము, బీపీ కట్టేది మేము, గౌను ఇచ్చేది మేము. వెనక ముడి పడని గౌను ఇచ్చి ఎక్స్‌రే గదిదాకా నడిపించిన రోజులు ఉన్నాయి. దుప్పటి కప్పాలని కూడా తోచలేదు. మెంటారింగ్ హౌస్ సర్జన్లకే అంటే ఎలా?

పెద్ద కఫ్ సంగతి కూడా చెప్పాలి. అది మా వార్డులో ఉంది. బీరువాలో, తాళంలో ఉంది. పోతే ఇన్‌ఛార్జి సిస్టర్ బాధ్యత కాబట్టి ఎవరూ బయట పెట్టరు. 2023లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, అన్నిటికన్నా పెద్ద కఫ్ కావలసినవారికి మామూలు కఫ్ కడితే పై అంకె సగటున 19.5 ఎక్కువ చూపించిందని తేలింది. ఎంతమంది లేని బీపీకి మాత్రలు మింగుతున్నారో! సూది కూడా అంతే. 90 కిలోలు దాటిన స్త్రీలకు కండలోకి ఇచ్చే టీకాకు ఒకటిన్నర అంగుళం సూది కావాలి. ట్రేలో ఉండేది ఒక అంగుళానిదే. మందు కొవ్వులో ఆగిపోతుంది.

టొరంటో తెలుగు డాక్టర్

వరంగల్‌లో చదివి, ఇక్కడ ఫ్యామిలీ మెడిసిన్ చేస్తున్నాను. కెనడాలో 2020లో పెద్దల ఊబకాయం మీద కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలో మొదటి మెట్టు మందు కాదు, ఆహారం కాదు. రోగి అనుమతి అడగడం. "మీ బరువు గురించి మాట్లాడుకుందామా?" అని అడగాలి. వద్దంటే ఆ రోజుకు వదిలేయాలి. ఊబకాయాన్ని కూడా అంకెను బట్టి కాకుండా ఆరోగ్యానికి జరుగుతున్న హానిని బట్టి గుర్తించమన్నారు. (బీఎంఐ సూత్రం పందొమ్మిదో శతాబ్దపు బెల్జియం గణాంక శాస్త్రవేత్త కెట్లే లెక్కల నుంచి వచ్చింది. ఆయన వైద్యుడు కాదు, జనాభా సగటు మనిషిని కొలవాలనుకున్నాడు. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి జబ్బును తేల్చడానికి పెట్టింది కాదది.)

మెంటారింగ్ ఎలా ఉంటుందో నా అనుభవం చెబుతాను. శిక్షణలో ఉన్నప్పుడు మా సీనియర్ గదిలో మూలన కూర్చునేవారు. ఒకసారి రోగి వెళ్లాక నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "ఇదే నొప్పితో సన్నటి మనిషి వస్తే ఏ పరీక్షలు రాసేవాడివి?" చెప్పాను. "మరి ఈయనకు ఎందుకు రాయలేదు?" నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్లయింది. ఆ ప్రశ్న వేసుకోకుండా ఇప్పటికీ చీటీ రాయను. ఉపన్యాసం విని ఉంటే వారంలో మరిచిపోయేవాడిని.

సర్జికల్ వార్డు

సిస్టర్ గారు చెప్పిన కఫ్, సూది విషయాలు నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. కానీ అవి సామగ్రి, పద్ధతికి సంబంధించినవి. ఒక గంట శిక్షణ, నాలుగు కఫ్‌లు కొంటే తీరిపోతాయి. మనసు మార్చే కార్యక్రమం దేనికి?

మెడిసిన్ ఓపీ

కఫ్ మా ఐసీయూలో ఏళ్ల తరబడి ఉంది సార్. ఓపీలో కావాలని నేను ఎప్పుడూ అడగలేదు. చిన్నపిల్లల కఫ్ లేకపోతే గొడవ చేసేవాడిని. దీనికి చేయలేదు. ఎందుకంటే జబ్బకు కఫ్ పట్టకపోవడం ఆ మనిషి తప్పని లోపల ఎక్కడో అనుకున్నాను. అది ఒక గంట శిక్షణతో పోయేది కాదు.

58 శాతం గురించి. అది నిజం. మన దగ్గర 2006లో ప్రచురించిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం కూడా చూడండి. చెన్నై వైద్యులు 531 మందితో చేశారు. ఆహారం, నడక మార్చుకున్నవారిలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ సంగతి తెలియక మనం ఏం చేస్తున్నాం? రోజూ నడిచి, అన్నం తగ్గించుకుని మూడు నెలలకు వచ్చిన మనిషిని యంత్రం ఎక్కించి, ముల్లు కదలలేదని తిట్టి పంపిస్తున్నాం. మేలు జరుగుతుండగానే నడక మానిపిస్తున్నాం. ఇదే చూపు సన్నటివాళ్లనూ దెబ్బతీస్తోంది. "నీకు షుగర్ ఏమిటి, ఇంత సన్నగా ఉంటే" అని పరీక్ష రాయకుండా పంపినవాళ్లు నాకు తెలుసు.

సర్జికల్ వార్డు

చెన్నై అధ్యయనం సంగతి బాగా చెప్పారు. అయితే అది నడక గొప్పతనం చెబుతుంది కానీ, బరువు తగ్గడం వ్యర్థమని చెప్పదు. 2025 మార్చి నుంచి మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలోనే దొరుకుతోంది. మందుతో బరువు తగ్గించగల రోజులు వచ్చాయి. ఇప్పుడే ఈ మాట ఎక్కువగా ఎత్తాలి.

మెడిసిన్ ఓపీ

ఎత్తుదాం. ఆ ఇంజెక్షన్ అడగడానికి వచ్చినవాళ్లకు "నోరు కట్టుకోలేక సూదులా?" అనే మాట ఎదురవుతోంది. బీపీ మాత్ర అడిగినవాడిని ఎవరైనా అలా అంటారా?

రెండో ఏడాది పీజీ

సార్ వాళ్లంతా మాట్లాడాక నేను రాయవచ్చో లేదో తెలియదు. నా బరువు 112 కిలోలు. నా యూనిట్‌లో నాకొక పేరు పెట్టారు, ఇక్కడ రాయను. రౌండ్లలో ఊబకాయం రోగి వస్తే అందరి చూపూ ఒకసారి నా మీద వాలి వెళుతుంది. ఆ రోగి కూడా అది చూస్తాడు.

మెంటారింగ్ కావాలి. కానీ ఎవరితో? ఆ పేరు పెట్టిన సారే నా మెంటార్ అయితే? ఆయనే నా థీసిస్ గైడ్, నా పరీక్షకు లోపలి ఎగ్జామినర్. "సార్, మీరు ఆ రోగితో అన్న మాట బాగాలేదు" అని నేను ఏ నోటితో చెప్పగలను? తప్పనిసరి చేయండి, కానీ మెంటార్ వేరే విభాగం నుంచి రావాలి. మార్కులతో, సంతకాలతో సంబంధం లేనివారు కావాలి. లేకపోతే నెలకొక పూట ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పి వస్తాం.

మెడిసిన్ ఓపీ

బాబూ, తప్పకుండా రాయవచ్చు. నీ మాటతో నా ప్రతిపాదన మారింది. మెంటార్ వేరే విభాగం వారే ఉండాలి, ఏమీ రాసి పెట్టకూడదు. లండన్‌లో 1950లలో మైకేల్ బాలింట్ అనే వైద్యుడు జనరల్ ప్రాక్టీషనర్లను చిన్న బృందంగా కూర్చోబెట్టి, తమను ఇబ్బంది పెట్టిన రోగి గురించి మాట్లాడించేవారు. ఆ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. సిస్టర్లు కూడా అందులో ఉండాలి. సీనియర్లు మాత్రం ఇష్టమైతేనే రావాలనుకుంటున్నాను. బలవంతంగా వచ్చినవారు ఏం నేర్పుతారు?

సర్జికల్ వార్డు

ఇక్కడ మాత్రం నేను మీకన్నా ముందుకు వెళతాను. ఇష్టమైతేనే అంటే మీలాంటివారు వస్తారు. రానవసరం లేనివారే వస్తారు. ఈ పీజీ అబ్బాయికి పేరు పెట్టిన పెద్దమనిషి వస్తాడా? పిల్లలకు తప్పనిసరి చేయడాన్ని ఇప్పటికీ ఒప్పుకోను, వాళ్లకు ఉన్న పని చాలు. తప్పనిసరి చేయవలసింది ప్రొఫెసర్లకు, అసోసియేట్లకు. ముందు మేము రోగిని చూస్తుంటే పక్క విభాగం వారు మూలన కూర్చోవాలి. నా ఓపీ మంగళ, శుక్రవారాలు.

బాబూ, మీ యూనిట్‌లో జరిగినదానికి ఒక సర్జన్‌గా, పెద్దవాడిగా సిగ్గుపడుతున్నాను.

నైట్ డ్యూటీ సిస్టర్

మెడిసిన్ ఓపీ సార్, కుట్టుపని చేసే ఆవిడ ఎలా ఉన్నారు? పెద్ద కఫ్ మళ్లీ ఐసీయూకు వెళ్లిపోయిందా?

మెడిసిన్ ఓపీ

గైనకాలజీ వారు స్కాన్ తీస్తే గర్భాశయంలో గడ్డలు కనిపించాయి, వైద్యం మొదలైంది. హిమోగ్లోబిన్ 9కి వచ్చింది. బీపీ మాత్ర ఆపాము. ఇంట్లో రాసుకున్న అంకెలు వచ్చే వారం తెస్తుంది. మెట్లు ఎక్కగలుగుతున్నానని చెప్పింది.

కఫ్ ఐసీయూకు వెళ్లిపోయింది సిస్టర్. రెండు కఫ్‌లు కావాలని స్టోర్‌కు ఇండెంట్ పెట్టాను, ఇంకా రాలేదు. కొలిచే టేపు బయట కొనుక్కొచ్చి హౌస్ సర్జనే ఓపీ బల్ల కాలికి దారంతో కట్టాడు. మంగళవారం సర్జన్ గారి ఓపీకి నేను వస్తున్నాను.