జపాను చెక్క అచ్చు ప్రకృతి చిత్రాలు: ఇంటి గోడకు ఏ కొలత నప్పుతుంది?

వెన్నెలవాకిలి:
హాలులో సోఫా వెనుక గోడ ఖాళీగా ఉంది. జపాను చిత్రకారుడు హొకుసాయ్ గీసిన ‘కనగావా పెద్ద అల’ చిత్రాన్ని నాలుగడుగుల వెడల్పున అచ్చువేయించి పటం కట్టించాలనుకుంటున్నాను. ఇలాంటి చిత్రాలు పెట్టుకున్నవారు దయచేసి తమ అనుభవం చెప్పండి.

నీలిసిరా:
నేను సరిగ్గా అదే చేసి, ఏడాది తిరగకముందే దించేశాను. దాని అసలు కొలత సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. చేతిలోకి తీసుకొని చూసుకునే చిత్రమది. అంతగా పెంచేసరికి నురుగు అంచుల్లోని సన్నని గీతలన్నీ తాళ్లలా మొద్దుబారాయి. ఇప్పుడు అసలు కొలతకే అచ్చువేయించి, చుట్టూ వెడల్పాటి తెల్లని అట్ట వదిలి, రోజూ నడిచే వసారాలో కంటి ఎత్తున తగిలించాను. దగ్గరగా నిలబడితే పడవల్లో తెడ్లు పట్టుకొని వంగిపోయిన మనుషులు, అల ఒంపులో చిన్నదైపోయిన ఫూజీ కొండ కనిపిస్తాయి. ఈ అల ‘ఫూజీ కొండ ముప్పై ఆరు దృశ్యాలు’ అనే చిత్రాల వరుసలోది; పేరు అలా ఉన్నా ఆ వరుసలో మొత్తం 46 చిత్రాలున్నాయి కాబట్టి, అల ఒక్కదానితోనే ఆగిపోకండి.

తీరవాసి:
విశాఖలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. మొదటిసారి కాగితాన్ని అద్దానికి ఆనించి కట్టించడంతో ఒక్క వానాకాలానికే అది అతుక్కుపోయి, మూలల్లో గోధుమరంగు మచ్చలు వచ్చాయి. రెండోసారి ఆమ్లం లేని అట్టతో అద్దానికీ చిత్రానికీ మధ్య ఎడం ఉంచి, గోడవైపు గాలి ఆడేలా వెనుక నాలుగు మూలలా కార్కు బిళ్లలు అంటించాము. ఎండ నేరుగా పడే గోడను మాత్రం ఎంచుకోవద్దు, నీలాలు వెలిసిపోతాయి.

వెదురుపొద:
కాగితం సంగతి కూడా చూసుకోండి. ఈ చిత్రాల ఆకాశంలో రంగు ముదురు నుంచి లేతకు కరిగిపోవడాన్ని బొకాషి అంటారు; అచ్చు వేసేవాడు తడి చెక్కపై రంగును చేత్తో పలుచన చేసి దాన్ని సాధిస్తాడు. మెరుపు కాగితం మీద ఆ కరుగుదల కనబడదు, మెరుపులేని దళసరి కాగితమే దానికి తగినది. హిరోషిగే అనే మరో జపాను చిత్రకారుడు ఎదో (నేటి టోక్యో) నుంచి క్యోటోకు వెళ్లే పాత తొకైదో దారి మజిలీలను చిత్రించిన వరుసలో, షోనో మజిలీ దగ్గరి వాన చిత్రం మా ఇంట్లో ఉంది. ఏటవాలు జల్లులో కూలీలు పల్లకిని మోసుకుంటూ పరుగెత్తుతుంటే వెనుక వెదురు పొదలు బూడిదరంగు పొరలుగా ఊగుతాయి. ఆ పొరలు విడివిడిగా కనిపించేదాకా నేను మూడుసార్లు నమూనా అచ్చు వేయించాను. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ వెబ్‌సైట్లలో ఇలాంటి ఎన్నో చిత్రాలను ఉచితంగా దించుకోనిస్తున్నాయి.

వెన్నెలవాకిలి:
అందరికీ కృతజ్ఞతలు. సోఫా వెనుక గోడను అలాగే వదిలేసి, వంటింటికి వెళ్లే దారిలో షోనో వానను అసలు కొలతకే పెడతాను. ఆ గోడకు ఎండ తగలదు.